పెన్న ఒడ్డున పేరు లేని రైతు

ఆయనకు పట్టాదారు పాసుపుస్తకం లేదు. సొసైటీలో అప్పు లేదు. ఇనుప కర్రు లేదు. ఎరువుల దుకాణం లేదు. వాన ఎప్పుడొస్తుందో చెప్పే రేడియో లేదు. పోనీ, పక్కింటి రైతును చూసి నేర్చుకుందామా అంటే... పక్కింట్లోనూ రైతు లేడు!

ఎందుకంటే, సీమ నేల మీద సేద్యం మొదలుపెట్టిన తొలి తరం మనిషి ఆయన. అడవిలో దొరికిన గింజను ఆకలేసినా నోట్లో వేసుకోకుండా దాచిపెట్టినవాడు. తొలకరికి ఎదురుచూసి, దాన్ని మట్టిలో వేసి, మొలక వస్తుందని నమ్మినవాడు. ఇప్పటికి నాలుగు వేల ఏళ్లు దాటింది. ఈ రోజుకీ మనింట్లో ఉలవచారు కాగుతున్నా, పెసరట్టు కాలుతున్నా అందులో ఆయన వాటా ఉంది.

ఆయన, ఆయన అంటున్నాం కానీ అది మన అలవాటు మాత్రమే. మగవాళ్లు పశువుల వెంట, వేట వెంట తిరుగుతుంటే గింజలు ఏరిందీ, మంచివి దాచిందీ, వాకిట్లో నాలుగు గింజలు చల్లి చూసిందీ ఆమే అయ్యుండొచ్చు. ఇప్పటికీ పల్లెల్లో విత్తనాల కుండ ఎవరి చేతిలో ఉంటుందో చూస్తే ఆ మాట కొట్టిపారేయలేం.

ఇంతకీ పేరు లేదు, ఊరు లేదు, రాత పుట్టని కాలం. అలాంటి మనిషి బతుకూ చావూ మనకెలా తెలిసింది?

మాడిన గింజే సాక్షి

జమ్మలమడుగుకు ఉత్తరాన, కుందేరు పక్కన పెద్దముడియం ఉంది. చరిత్ర చదివినవాళ్లకు ఈ ఊరు కొత్త కాదు. చాళుక్యుల శాసనాల్లో కనిపించే ముడివేము అగ్రహారం ఇదేనంటారు. భర్తను పోగొట్టుకుని కడుపుతో ఉన్న రాణికి విష్ణుభట్ట సోమయాజి ఇక్కడే ఆశ్రయమిచ్చాడనీ, ఆమెకు పుట్టిన విష్ణువర్ధనుడే పెద్దయ్యాక రాజ్యం స్థాపించాడనీ ఆ శాసనాలు చెప్పే కథ.

కానీ రాజుల కథకు ఎంతో ముందే ఈ ఒడ్డున రైతుల కథ నడిచింది. పురావస్తు పరిశోధకుడు పి.సి.వెంకటసుబ్బయ్య పెన్న, కుందేరు లోయల్లో ఊరూరా తిరిగి కొత్త రాతియుగం నాటి మనుషులు కాపురమున్న చోట్లను గుర్తించారు. కడప జిల్లాలోని పెద్దముడియం, హనుమంతరావుపేట అలాంటివే. తర్వాత ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం నుంచి రవి కొరిశెట్టర్, లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి డోరియన్ ఫుల్లర్ కూడా ఈ పనిలో చేయి కలిపారు. బళ్లారి గుట్టల నుంచి కడప నల్లరేగడి దాకా పాత ఊళ్ల మట్టిని జల్లెడ పట్టారు. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

వాళ్లు వెతికింది బంగారం కాదు. మాడిపోయిన గింజలు!

దీనికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. తవ్విన మట్టిని పొరలవారీగా విడదీసి నీళ్లలో కలుపుతారు. రాళ్లూ, పెంకులూ అడుక్కి పోతాయి. బొగ్గయిన గింజలు తేలికగా ఉంటాయి కాబట్టి పైకి తేలతాయి. వాటిని సన్నటి జల్లెడతో దేవి, నీడలో ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. బియ్యం కడిగేటప్పుడు తాలు పైకి తేలుతుందే... అచ్చంగా అలాగే.

మామూలు గింజ మట్టిలో కుళ్లిపోతుంది, లేదంటే పురుగు తినేస్తుంది. కాలి బొగ్గయిన గింజకు ఆ బాధ లేదు. వేల ఏళ్లయినా ఆకారం చెడదు. అంటే, ఏనాడో ఒక ఇల్లాలు కుండలో గింజలు వేయిస్తూ ఏమరుపాటున మాడబెట్టుకుంటే, పొయ్యి చుట్టూ నాలుగు గింజలు చిందితే, అవే ఈ రోజు మనకు సాక్ష్యం. బాగా వండిన వంట చరిత్రకెక్కలేదు. మాడిన వంటే ఎక్కింది!

ఆ గింజ వయసు కూడా కట్టొచ్చు. రేడియో కార్బన్ పద్ధతిలో ఇప్పుడు ఒక్క గింజను పరీక్షించినా చాలు. దక్షిణాదిలో పశువుల్ని పెంచుతూ, రాతి గొడ్డళ్లు నూరుతూ బతికిన ఈ సమాజాలు క్రీ.పూ.3000 ప్రాంతంలో మొదలై దాదాపు రెండు వేల ఏళ్లు సాగాయి. అందులో క్రీ.పూ.2000 చుట్టుపక్కల నుంచి ఊళ్లు స్థిరపడటం, పంటలు ఊపందుకోవడం స్పష్టంగా కనిపిస్తాయి.

నాలుగు గింజల సంసారం

మరి ఆ మట్టిలో ఏం దొరికాయి? బళ్లారి వైపు చూసినా, కడప వైపు చూసినా మళ్లీ మళ్లీ కనిపించినవి నాలుగే.

ఒకటి అండుకొర్ర. రెండోది కొర్రకు దాయాది అయిన ఒక గడ్డిజాతి. చేల గట్ల మీద నడిచేటప్పుడు దాని కంకులు బట్టలకు అంటుకుని పట్టాన వదలవు. ఇప్పుడది మనకు కలుపు, అప్పుడది తిండి. మూడోది పెసర. నాలుగోది ఉలవ.

రెండు ధాన్యాలు, రెండు పప్పులు. అంటే ఇంత అన్నం, ఇంత పప్పు. మన విస్తరి లెక్క అప్పుడే తేలిపోయిందన్నమాట! ధాన్యంలో తక్కువగా ఉండే మాంసకృత్తులు పప్పులో ఎక్కువగా ఉంటాయి. పప్పుజాతి మొక్క వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. ఈ శాస్త్రం ఆయనకు తెలియదు. కానీ ఏది తింటే కడుపు నిలుస్తుందో, ఏది వేసిన చోట నేల చల్లగా ఉంటుందో ఆయనకు తెలిసింది.

ఈ నాలుగే ఎందుకు? జమ్మలమడుగు, ముద్దనూరు, కొండాపురం రైతుల్ని అడిగితే చెబుతారు. ఇక్కడి వాన ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. రెండు మంచి వానలు పడి, ఆ పదునులోనే చేతికొచ్చే పంట కావాలి. అండుకొర్రకు అటూ ఇటుగా మూడు నెలలు చాలు. ఉలవకు మంచు పడినా చాలంటారు. ఇవి బయటి నుంచి తెచ్చి అలవాటు చేసిన పంటలు కావు. ఈ కొండల్లో, ఈ పొదల్లో, ఈ వానకే పుట్టి పెరిగినవి.

అదే పెద్ద విశేషం. సేద్యం అంటే గోధుమ, బార్లీలతో పడమటి దేశాల్లో మొదలై అక్కడి నుంచి సింధు లోయ మీదుగా మనదాకా నడిచొచ్చిందని చాలాకాలం అనుకునేవారు. పెన్న, తుంగభద్ర ఒడ్డుల్లో దొరికిన గింజలు ఆ మాటను మార్చేశాయి. ఇక్కడి మనుషులు ఇక్కడి గింజల్నే మచ్చిక చేసుకున్నారు. గోధుమ, బార్లీ ఉత్తరాది నుంచి రావడం నిజమే. కానీ అవి వచ్చేది నాలుగు వేల ఏళ్ల కిందట, అదీ కొద్దికొద్దిగానే. చలికాలపు తడి కోరే ఆ పంటలకు మన మెట్టనేల అంత సులువుగా లొంగలేదు.

గింజను మచ్చిక చేసుకోవడం అంటే మాటలు కాదు. అడవి గడ్డికి ఒక గుణం ఉంటుంది. గింజ పండగానే కంకి నుంచి రాలిపోతుంది. అలా రాలితేనే దాని వంశం నిలుస్తుంది. అడవి పప్పుల కాయ ఎండగానే చిట్లి గింజల్ని దూరంగా విసిరేస్తుంది. పైగా అన్నీ ఒకేసారి మొలవవు. ఈ ఏడు కొన్ని, వచ్చే ఏడు కొన్ని. మొక్కకు ఇది తెలివి, రైతుకు తలనొప్పి. కోతకు వెళ్లేసరికి చేలో ఏమీ ఉండదు.

రాలకుండా కంకికే పట్టుకున్న గింజలు ఏ కొన్నో ఉంటాయి. కోసి ఇంటికి తెచ్చేది వాటినే. మళ్లీ ఏడాదికి విత్తేదీ వాటినే. ఇలా పది కాదు, ఇరవై కాదు... వందల వానాకాలాలు. తాత మొదలుపెట్టిన పని ముని మునిమనవడి కాలానికీ పూర్తి కాదు. పెసర గింజనే తీసుకుంటే, మనుషులు సాగు మొదలుపెట్టిన చాలా కాలానికి గానీ దాని పరిమాణం పెరగలేదని పరిశోధకులు గమనించారు. తన జీవితకాలంలో ఫలితం కనిపించని పనిని ఒక్క తరం కూడా మానకుండా చేయడం! పొలం పనికి అంతకన్నా పెద్ద నిర్వచనం ఏముంటుంది?

రాయే నేస్తం

ఆ ఇంటిని ఊహించడం కష్టమేమీ కాదు. గుండ్రటి గుడిసె. చుట్టూ గుంజలు పాతి, తడిక అల్లి, మట్టి మెత్తిన గోడలు. పైన గడ్డి కప్పు. లోపల పొయ్యి, చేత్తో చేసిన బూడిదరంగు కుండలు. కర్ణాటకలోని టెక్కలకోట గుట్టల్లో 1960లలో తవ్వినప్పుడు ఇలాంటి ఇళ్ల ఆనవాళ్లు వరుసగా బయటపడ్డాయి. ఇప్పటికీ అక్కడక్కడా కనిపించే గుండ్రటి గుడిసెలకు అవి ముత్తాతలు.

ఆయన పనిముట్టు నల్లరాతి గొడ్డలి. దాన్ని తయారు చేయడానికి ముందు రాయిని పగలగొట్టాలి, ఆకారం చెక్కాలి, ఆ తర్వాత గంటల తరబడి బండకేసి నూరాలి. బళ్లారి దగ్గర సంగనకల్లు గుట్ట ఇలాంటి గొడ్డళ్లకు ఓ కర్మాగారమే. అక్కడి బండల మీద నూరి నూరి నున్నగా పడిన పల్లాలు ఇప్పటికీ ఉన్నాయి. చేయి పెట్టి చూస్తే అద్దంలా జారుతుంది.

గొడ్డలి నూరడం ఒక ఎత్తయితే, గింజ నూరడం ఇంకో ఎత్తు. అండుకొర్ర చిన్న గింజ, పొట్టు పట్టాన ఊడదు. దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. ఆ తర్వాత రాతి మీద వేసి నూరాలి. ప్రతి తవ్వకంలోనూ అరిగిపోయిన నూరుడురాళ్లు దొరుకుతాయి. వాటి మధ్యలోని పల్లం ఒకరోజు పని కాదు. ఎందరో ఆడవాళ్ల మోకాళ్లూ, నడుములూ, భుజాలూ ఆ పల్లంలో ఉన్నాయి.

ఇక పశువులు. ఆవులు, మేకలు, గొర్రెలు. బళ్లారి, రాయచూరు నుంచి కర్నూలు, పాలమూరు దాకా అక్కడక్కడా పెద్ద పెద్ద బూడిద దిబ్బలు కనిపిస్తాయి. రాక్షసుల్ని కాల్చిన బూడిద అనీ, పాత యుద్ధాల బూడిద అనీ జనం కథలు చెప్పుకునేవారు. అది పశువుల పేడ కాలిన బూడిద అని గ్రహించినవారిలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్‌ఫుట్ ముఖ్యుడు. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో రాతి గొడ్డలిని గుర్తించి మన దేశపు ఆదిమానవుడి ఉనికిని చాటింది ఆయనే.

1957లో రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వారు. ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. బూడిద పొరల మధ్య ఆయనకు కనిపించింది చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. పశువుల గిట్టల ముద్రలు! వేల ఏళ్ల కిందట దొడ్లో ఆవులు తొక్కిన అడుగులు తొక్కినట్టే ఉన్నాయి. ఏడాదికోసారి పేడకుప్పలకు నిప్పుపెట్టడం ఆ మనుషులకు పండగ అనీ, మన భోగిమంటలూ హోళీ మంటలూ ఆ ఆచారానికి దూరపు చుట్టాలు కావచ్చనీ ఆల్చిన్ భావించారు. ఆ మాట పూర్తిగా రుజువైందని చెప్పలేం. కానీ భోగినాడు తెల్లవారుజామున పిడకల దండ మంటలో వేసే పిల్లలకు ఈ కథ చెబితే తప్పేముంది?

కుండ కింద కన్నీళ్లు

బతుకు సంగతి సరే. మరి చావు?

పెద్దల్ని గుంట తీసి పూడ్చేవారు. పక్కన కుండో, చిప్పో పెట్టేవారు. నాగార్జునకొండ లోయలోనూ ఆ కాలపు సమాధులు బయటపడ్డాయి. పోయినవాళ్లకు దారిలో ఆకలి వేస్తుందన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట. దినం రోజున విస్తరి పెట్టే మనకు అది అర్థం కాని సంగతేం కాదు.

చిన్నపిల్లల విషయం వేరు. పసిబిడ్డ చనిపోతే ఓ కుండలో పెట్టేవారు. ఆ కుండను ఊరి బయటికి తీసుకెళ్లేవారు కాదు. ఇంట్లోనే, కాళ్ల కిందే పూడ్చేవారు. టెక్కలకోటలో, చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో ఇలాంటి కుండలు దొరికాయి. గింజలు దాచుకోవడానికి చేసిన కుండలాంటిదే. అందులో గింజకు బదులు బిడ్డ.

ఆ ఇంటి తల్లి రోజూ వంట చేసింది ఆ నేల మీదే. పడుకుందీ ఆ నేల మీదే. బిడ్డను దూరం పంపడానికి మనసొప్పక అలా చేశారో, మళ్లీ అదే కడుపున పుడతాడని ఆశపడ్డారో... గింజను మట్టిలో పెడితే తిరిగి మొలుస్తుందని నేర్చుకున్నవాళ్లు కదా! పెద్దవాళ్లను దహనం చేసే ఇళ్లలో కూడా పసిపిల్లల్ని నేటికీ పూడ్చిపెడతారు. ఎందుకని అడిగితే 'మన పెద్దలు అలాగే చేశారు' అంటారు. ఆ పెద్దలు ఎంత పెద్దవాళ్లో ఆలోచించేవారు తక్కువ.

వాన రాని ఏడు ఆ ఇంటికి ఏ సర్కారూ కరవు సాయం ఇవ్వదు. గాదె ఖాళీ అయితే మందను నమ్ముకోవాలి. మందకు రోగమొస్తే అడవిని నమ్ముకోవాలి. అందుకే ఆయన అన్నీ ఒకే పంటకు ఒడ్డలేదు. నాలుగు గింజలు, మూడు రకాల జీవాలు, చుట్టూ అడవి. ఒకటి దెబ్బతిన్నా ఇంకోటి నిలబెట్టింది. కరవు సీమలో అలాంటి కాపురాలు వందల ఏళ్లు సాగాయంటే కిటుకు అక్కడే ఉంది.

కొత్త గింజలు, కొత్త దారులు

కాలం ఆగదు. క్రీ.పూ.రెండో సహస్రాబ్ది నడుమ ఆఫ్రికా ఖండం నుంచి సజ్జ, అనుములు లాంటివి ఈ నేలకు చేరాయి. రాగి, జొన్న కూడా ఆ ఖండం బిడ్డలే. తూర్పున ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి కంది వచ్చింది. ఇనుము వచ్చింది. మనం రాక్షసగుళ్లు అని పిలుచుకునే పెద్ద రాతి సమాధుల కాలం మొదలైంది. గుట్టల మీది గుడిసెలు ఖాళీ అయ్యాయి. జనం పల్లానికి దిగారు. చెరువులు, వరిమడులు ఆ తర్వాతి ముచ్చట.

ఇంకా ఎన్నో తర్వాత, సముద్రాలు దాటి మిరపకాయ వచ్చింది. టమాటా వచ్చింది. వేరుశనగ వచ్చింది. ఈ మూడూ దక్షిణ, మధ్య అమెరికాల పంటలే. ఎర్రకారం, చెనిక్కాయల చట్నీ లేని రాయలసీమ భోజనాన్ని ఊహించగలమా? మన తొలి రైతు మాత్రం ఆ రెండింటి రుచి చూడకుండానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు పెద్దముడియం, జమ్మలమడుగు నల్లరేగడిలో చలికాలం వస్తే కనుచూపు మేర శనగ. అదీ పడమటి ఆసియా నుంచి వచ్చిన అతిథే. పులివెందుల వైపు చీనీ తోటలు, అరటి. ఇవేవీ తప్పు కాదు. గిట్టుబాటయ్యేదే రైతు వేస్తాడు. ఆ తొలి రైతూ చేసింది అదే. కానీ ఈ నేలకు అన్నంపెట్టిన అండుకొర్ర మాత్రం ఈ నేల మీదే అరుదైపోయింది. అనంతపురం, చిత్తూరు జిల్లాల్లోనూ, కర్ణాటకలోని తుముకూరు, చిత్రదుర్గం వైపూ కొన్నిచోట్ల మిగిలింది. ప్రొద్దుటూరులో పుట్టిన డాక్టర్ ఖాదర్‌వలీ సిరిధాన్యాలంటూ కొర్ర, అండుకొర్ర, సామ, ఊద, అరికెల గురించి ఊరూరా చెప్పాక మళ్లీ దాని పేరు జనం నోట్లో పడింది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదినే ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన తాతమ్మలు కుండలో దాచుకున్న గింజ ఇప్పుడు పట్టణాల్లో అందమైన ప్యాకెట్‌లో కనిపిస్తోంది!

రెండో చావు

మనిషి ఒకసారే చస్తాడంటారు. ఈ రైతుకు మాత్రం రెండో చావు కూడా ఉంది. అది ఇప్పుడు జరుగుతోంది.

పల్లెల్లో 'పాటిమన్ను' అంటే అందరికీ తెలుసు. పాత ఊరు పాడుపడిన చోట మిగిలిన దిబ్బను పాటి అంటారు. పొయ్యి బూడిద, పేడ, ఎముకలు, కసువు వందల ఏళ్లు కలిసి కుళ్లిన మట్టి అది. మంచి బలం. ఎండాకాలం వస్తే బండ్లు కట్టి ఆ మట్టిని పొలాలకు తోలేవారు. ఇప్పుడు బండి స్థానంలో ట్రాక్టరు, పార స్థానంలో పొక్లెయిన్ వచ్చాయి. ఒకప్పుడు తరం పట్టే పని ఇప్పుడు ఒక్క పూటలో అయిపోతుంది. బూడిద దిబ్బలూ ఇలాగే ఎన్నో తరిగిపోయాయి.

రైతును తప్పు పట్టడానికి నోరు రాదు. ఎరువుల ధర చూస్తే ఆయన బాధ తెలుస్తుంది. పైగా ఇందులో ఓ వింత న్యాయం కూడా ఉంది. తొలి రైతు పొయ్యి బూడిద నేటి రైతు చేనుకు ఎరువవుతోంది. తాత ఆస్తి మనవడికి చేరినట్టే! కానీ ఆ మట్టితోపాటు మాడిన గింజలూ, గిట్టల ముద్రలూ, బిడ్డను దాచిన కుండలూ చెదిరిపోతాయి. పొర చెదిరితే కాలం చెదిరిపోతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. చదవకుండానే పుస్తకాన్ని పొయ్యిలో పెట్టడమంటే అదే.

నీళ్ల కింద ఊళ్లు

పెన్న ఒడ్డు మనిషికి ఊరు వదలడం కొత్త కాదు. పెద్దముడియం నుంచి నైరుతిగా, గండికోట లోయకు ఎగువన కొండాపురం ఉంది. చిత్రావతి వచ్చి పెన్నలో కలిసేది ఈ దాపునే. గాలేరు-నగరి పథకంలో భాగంగా కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఆ నీటి కోసం కొండాపురం మండలంలో ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు జనం ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చినప్పటి ఆందోళన జిల్లా మరచిపోలేదు.

జలాశయం అక్కర్లేదని ఎవరనగలరు? గుక్కెడు నీళ్ల కోసం తరాలు ఎదురుచూసిన జిల్లా ఇది. దిగువన ఎన్నో చేలకు ఆ నీరే ప్రాణం. కానీ ఆ నీటి అడుగున ఉన్నది ఒట్టి నేల కాదు. ఒకప్పుడు ఎవరో మొదటిసారి ముళ్లు కొట్టి, రాళ్లు ఏరి, గట్టు వేసి చేసిన పొలాలు. పరిహారం లెక్కలో ఎకరాలుంటాయి, ఇళ్లుంటాయి, చెట్లుంటాయి. 'ఈ చేను మా ముత్తాత చేశాడు' అన్న మాటకు ఖరీదు కట్టే గడి ఏ ఫారంలోనూ ఉండదు. పునరావాస కాలనీలో దిగిన రైతు మళ్లీ మొదటి రైతే. కొత్త నేల, కొత్త నీడ, తెలియని పదును. అంతా మొదటి నుంచి మొదలు.

నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ లోయంతా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చింది. శ్రీశైలం జలాశయానికి ముందు అలంపురం వైపు గుళ్లను రాయి రాయి విప్పి మరోచోట నిలబెట్టారు. గుడి కనిపిస్తుంది కాబట్టి దాన్ని కాపాడాలన్న తలంపు వస్తుంది. మట్టిలో కలిసిన గింజ ఎవరికి కనిపిస్తుంది? దేవుడి ఇల్లు గట్టెక్కింది. రైతు ఇల్లు నీళ్లలోనే ఉండిపోయింది.

మిగిలినవి కాపాడుకోవడానికి కోట్లు అక్కర్లేదు. పొలం దున్నేటప్పుడు నున్నటి నల్లరాతి గొడ్డలి దొరికితే, బూడిదరంగు పెంకుల పొర కనిపిస్తే ఒక్క రోజు ట్రాక్టరు ఆపి పక్క పాఠశాలలో మాస్టారికి చెప్పినా చాలు. కడపలో ప్రభుత్వ మ్యూజియం ఉంది. పిల్లల్ని ఒక్కసారి ముద్దనూరు దగ్గర చింతకుంట తీసుకెళ్లి, గుహల్లో పాతకాలపు మనుషులు వేసిన ఎర్రరంగు బొమ్మలు చూపించొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే, వాళ్ల చిన్నప్పుడు చేలో ఏమేం వేసేవారో అడిగి రాసిపెట్టుకోవచ్చు. అదీ తవ్వకమే!

మిగిలిన పేరు

చివరగా ఓ మాట. మనం పెసర అంటాం. కన్నడిగులు హెసరు అంటారు. తమిళులు పయరు అంటారు. మనది కొర్ర, కన్నడంలో కొరలె. ఈ మాటలు ఒకదాన్నుంచి ఒకటి అరువు తెచ్చుకున్నవి కావు. ఒకే పాతమాట నుంచి చీలిన అన్నదమ్ములని భాషావేత్తలు చెబుతారు. దక్షిణాది తొలి రైతులు మాట్లాడింది మన భాషలకు తల్లిలాంటి భాషేనని ఫ్రాంక్లిన్ సౌత్‌వర్త్ లాంటి పండితుల అభిప్రాయం.

అదే నిజమైతే, గింజను ఎన్నుకుని దానికి పేరు పెట్టిన మనిషి పేరు మట్టిలో కలిసిపోయింది కానీ ఆయన పెట్టిన పేరు మాత్రం అరిగి, మారి, మన నాలుక మీద బతికే ఉంది. కొట్టుకెళ్లి 'అర్ధకిలో పెసలు' అని అడిగిన ప్రతిసారీ మనం పలికేది ఆయన మాటే.